ఇంటి నుంచి నడిపే చిన్న వ్యాపారానికి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

నెలకు నాలుగైదు బిల్లులే అయితే ఎక్సెల్ షీటు చాలు, తొందరపడి డబ్బు పోయకండి. అరువు బాకీలు, సరుకు నిల్వ, పన్ను లెక్కలు కలిసి వచ్చినప్పుడే సాఫ్ట్‌వేర్ అవసరం పడుతుంది.

ఫీచర్ల జాబితా చూసి మోసపోవద్దు. ట్రయల్‌లో మీ పోయిన నెల లెక్కలే ఎక్కించి చూడండి. ముఖ్యంగా తిప్పలు పెట్టేవి: కస్టమర్ బిల్లులో సగమే కట్టాడు, మిగతా బాకీ దానంతటదే కనిపిస్తోందా? వెనక్కి వచ్చిన సరుకు స్టాకులో తిరిగి చేరిందా? ఇంటికీ వ్యాపారానికీ కలిపి వచ్చే ఇంటర్నెట్ బిల్లును ఒకే ఎంట్రీలో రెండుగా విడగొట్టగలరా? బ్యాంకు స్టేట్‌మెంట్‌ను దిగుమతి చేసుకుని ఎంట్రీలతో సరిపోల్చే వీలు తప్పనిసరి. అది లేకపోతే నెలాఖరున టెన్షనే.

డేటా మొత్తం సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్ లాంటి వాటిలో తెరుచుకునే సాదా పట్టికగా) బయటకు తీసుకోగలరో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. చాలామంది దీన్ని పట్టించుకోరు, తర్వాత వేరేదానికి మారలేక ఇరుక్కుంటారు.

ఉచితంగా కావాలంటే గ్నూక్యాష్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. జమాఖర్చులు డబుల్ ఎంట్రీ పద్ధతిలోనే, అంటే ప్రతి లావాదేవీనీ ఒక ఖాతాలో డెబిట్‌గా, మరో ఖాతాలో క్రెడిట్‌గా రాస్తుంది, కాబట్టి నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. మీ లెక్కలు చూసే ఆడిటర్ ఉంటే ఆయన ఏది వాడతారో ముందే అడగండి.