ముందు బ్యాటరీల డబ్బు, తర్వాతే వసారా

ప్రశ్న: మాది ఆనందపురం దాటాక లోపలికి పది సెంట్ల స్థలంలో కట్టుకున్న ఇల్లు. కరెంటు స్తంభం బాగా దూరం కావడంతో లైన్ తీసుకోలేదు. సోలార్ ప్యానెళ్లు, నాలుగు ట్యూబులర్ బ్యాటరీలతోనే రెండున్నరేళ్లుగా గడుస్తోంది. పడమటి ఎండకు గోడలు రాత్రి దాకా సెగలు కక్కుతున్నాయి. అటువైపు 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున రేకుల వసారా వేయిద్దామనుకుంటున్నాం. మేస్త్రీ 3.2 లక్షలు అన్నాడు. సేవింగ్స్‌లో 1.4 లక్షలు ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ నగల మీద 1.2 లక్షలు, ఫోన్ ఆప్‌లో వస్తానంటున్న లోన్ 60 వేలు తీసుకుంటే సరిపోతుంది. నా వయసు 41, జీతం 52 వేలు. ఇంటి ఖర్చు 30 వేలు, ఫీజులు, బండి వాయిదా కలిపి 9 వేలు. ఆఫీసు ఆరోగ్య బీమా ఉంది. రెండు లోన్లలో ఏది ముందు తీర్చాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో 'ఖాళీగా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ 1.4 లక్షలు ఖాళీగా లేవండీ, మీ ఇంటికి కాపలా కాస్తున్నాయి. మీకే ఎందుకు జవాబు రాస్తున్నానంటే, ఇదే మాట నెలకు ఇద్దరు ముగ్గురైనా అంటారు. ఒకరికి మాడ్యులర్ కిచెన్, ఇంకొకరికి మేడ మీద గది. ఖాతాలో లక్ష దాటితే చాలు, దాన్ని ఎక్కడ ఖర్చు పెడదామా అని చేతులు దురద పెడతాయి.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లకు కరెంటు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేస్తారు. మీ ఇంటికి కరెంటు ఆఫీసు మీరే, లైన్‌మన్ మీరే. ట్యూబులర్ బ్యాటరీలు బాగా చూసుకుంటే నాలుగు నుంచి ఆరేళ్లు వస్తాయి. అంటే మీవి సగం వయసుకు వచ్చేశాయి. వరసలో ఒకటి నీరసిస్తే మిగతా మూడింటినీ లాగేస్తుంది, కాబట్టి ఒక్కటి మార్చి ఊరుకోవడం కుదరదు. ఒక్కోటి 15 నుంచి 18 వేలు వేసుకున్నా, నాలుగింటికీ 60, 70 వేలు ఒకేసారి కావాలి. అది ఏప్రిల్‌లో జరిగితే? మోటారు తిరగదు, ట్యాంకులో నీళ్లుండవు. ఆ రోజు కొత్త వసారాలో కూర్చుని విసనకర్రతో విసురుకోవాలి.

లెక్క చూడండి. జీతం ఆగిపోయినా ఇల్లు గడవాలంటే ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా పక్కన ఉండాలి. ఇంటి ఖర్చు, ఫీజులు, వాయిదా కలిపి నెలకు 39 వేల చొప్పున అది 2.34 లక్షలు. దానికి బ్యాటరీల 70 వేలు కలిపితే 3.04 లక్షలు. లైన్ ఉన్న ఇంటికి మొదటి అంకె చాలు, మీ ఇంటికి రెండూ కావాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగం కూడా లేదు. దాన్నీ తీసుకెళ్లి ఇనప పైపుల్లో పెడతానంటున్నారు!

ఇక అప్పులు. ఆప్ లోన్ వడ్డీ 24 శాతం అనుకుంటే, 60 వేలకు రెండేళ్లపాటు నెలకు దాదాపు 3,170 కట్టాలి. మొత్తం వడ్డీ 16 వేల పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని ఇస్తారు కనుక చేతికి 60 వేలు కూడా రావు. ఎండ నుంచి నీడ కోసం 24 శాతం వడ్డీనా? బంగారం మీద 12 శాతం వేసుకున్నా ఏడాదికి 14,400. ఏడాది తిరిగేసరికి అసలు 1.2 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేదు. అందరూ చేసేదే మీరూ చేస్తారు: వడ్డీ కట్టి తిరగరాయిస్తారు. రెండు మూడుసార్లు తిరగరాశాక వేలం నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. ఏది ముందు తీర్చాలన్న మీ ప్రశ్నకు నా జవాబు, రెండూ తీసుకోకండి.

విశాఖలో ఉంటూ అత్యవసర నిధి గురించి ఇంత చెప్పించుకోవడం నాకు వింతగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా మేడ మీది రేకుల షెడ్డు రెండిళ్ల అవతల తేలింది. విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది, మా రేకులెంత! తర్వాతి రోజుల్లో కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. ఖాతాలో డబ్బున్నవాళ్లు కూడా పాల ప్యాకెట్‌కు చిల్లర కోసం తిరిగారు. అందుకే ఆ నిధిలో ఓ 10 వేలు నోట్ల రూపంలో ఇంట్లోనే ఉంచమంటాను. మిగతాది బ్యాంకులోనే, రెండు రోజుల్లో చేతికొచ్చేలా ఉండాలి. చీటీలో వద్దు, షేర్లలో అసలే వద్దు. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

ఇంటికి బీమా ఉందో లేదో రాయలేదు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరండా, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కట్టడంలో భాగమే. కానీ వాటి విలువ కూడా లెక్కలోకి వచ్చేలా బీమా మొత్తం పెట్టించుకోవాలి. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఇంకొకటి తీసుకోండి.

మరి ఎండ సంగతి? ఈ వేసవికి పడమటి గోడ వెంట కర్రలు పాతి తాటాకు పందిరి వేయించండి, లేదా గ్రీన్ నెట్ కట్టించండి. 15 వేలలో ముగించాలి. గాలివాన హెచ్చరిక రాగానే నెట్ విప్పేయొచ్చు. తర్వాత నెలకు 12 వేలు పక్కన పెడితే 15 నెలల్లో ఆ 3.04 లక్షలు నిండుతాయి. ఆ నిధి ముట్టుకోకుండా, అప్పటి నుంచి అదే 12 వేలు వసారాకు దాచడం మొదలుపెట్టండి, అదీ 30 అడుగులకు కాదు. మేస్త్రీ చెప్పిన రేటు ప్రకారమే 12 అడుగుల చదరానికి 1.28 లక్షలవుతుంది, మంచం, నాలుగు కుర్చీలు పడతాయి. మిగతాది ఇంకో ఏడాదికి.

మూడు వైపులా తెరిచిన కప్పును గాలి కింది నుంచి పైకి ఎత్తుతుంది. కాబట్టి స్తంభాలకు విడిగా కాంక్రీటు పునాది, రేకులకు వాషర్లతో బిగించిన బోల్టులు ఉండాలి. రేకుల మీద రాళ్లు పెడదామనే మేస్త్రీని మార్చేయండి. ప్యానెళ్లను వసారా మీదికి దించమని ఎవరన్నా వినకండి, పడమటికి వాలిన కప్పు మీద పొద్దుటి ఎండ సరిగ్గా పడదు.

నగలు ఇవ్వడానికి మీ ఆవిడ ఒప్పుకున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఈ ఆదివారం బ్యాటరీల్లో నీళ్లు చూసి, వాటి బిల్లు వెతికి తీయండి. వారంటీ ఇంకా మిగిలి ఉండొచ్చు.