డీటీపీ షాపు నడిపే మేనల్లుడికి: విండోస్ 11కి మారాలా, వద్దా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని తెలిసిన దగ్గర్నుంచి నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మారితే మనం పేజీలు కూర్చుకునే పాత పేజ్‌మేకర్ ప్రోగ్రాం నడవదేమో, మారకపోతే వైరస్ వచ్చి కస్టమర్ల ఫైళ్లన్నీ పోతాయేమో అని కదా నీ భయం. రెండూ నిజమైన భయాలే. అందుకే ఫోన్‌లో కాకుండా ఉత్తరంగా రాస్తున్నాను, దగ్గర పెట్టుకుని చూసుకోవచ్చని.

నా మాట ముందే చెప్పేస్తాను. మారు. కానీ షాపులో ఉన్న రెండు మెషీన్లనూ మార్చకు. మెయిల్, వాట్సాప్ వెబ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు నడిచే మెషీన్‌ని విండోస్ 11కి తీసుకెళ్లు. పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు ఉన్న పాతదాన్ని అలాగే ఉంచి, దాని నెట్ కేబుల్ పీకేసెయ్.

మన షాపులకు ఇళ్లలో కంటే ప్రమాదం ఎక్కువ అల్లుడూ. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరెవరివో పెన్ డ్రైవ్‌లు పెడతాం, ఎవరు ఏ ఫైలు పంపినా తెరుస్తాం, జనం ఆధార్ కార్డులు స్కాన్ చేసి పెడతాం. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు గుర్తుందా? దాన్ని ఆపే ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకోని మెషీన్లు దేశదేశాల్లో లాక్ అయిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈఎస్‌యూ అనే పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. కానీ అది తీరిగ్గా మారడానికి దొరికిన గడువు మాత్రమే, దాన్ని చూసుకుని కూర్చోకు.

మీ మెషీన్ పనికిరాదు, కొత్తది కొనాల్సిందేనని ఎవరో చెప్పారట. ఆ మాట నమ్మి డబ్బు పెట్టేముందు నువ్వే చూడు. విండోస్ 11కి టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అది ఉందో లేదో చూడ్డానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి tpm.msc అని కొట్టు. "స్పెసిఫికేషన్ వెర్షన్" దగ్గర 2.0 అని ఉంటే సరే. టీపీఎం అసలు కనపడలేదని వస్తే కంగారు పడకు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే ఆప్షన్ ఆన్ చెయ్. తర్వాత ప్రాసెసర్. ఐ5-8400 అని ఉంటే ఎనిమిదో జనరేషన్, పర్వాలేదు. ఐ5-7400 అయితే ఏడోది, మైక్రోసాఫ్ట్ జాబితాలో లేదు. అలాంటి వాటిలో కూడా అడ్డదారిన 11 ఎక్కించేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చేయించుకోవద్దు. అప్‌డేట్ల కోసమే కదా మారుతున్నది, వాటికి హామీ లేకపోతే ఇంత శ్రమ దేనికి?

ఇంకోటి, మన షాపుల్లో పాత సాఫ్ట్‌వేర్ కోసం 32-బిట్ విండోస్ వేసుకోవడం మామూలే. నీదీ అదే అయితే నేరుగా అప్‌గ్రేడ్ అవదు. విండోస్ 11 మొత్తం 64-బిట్టే, డిస్క్ తుడిచి కొత్తగా వేయాల్సిందే. బాగా పాతకాలపు 16-బిట్ ప్రోగ్రాములు అందులో అసలు నడవవు. లేజర్ ప్రింటర్‌కు 64-బిట్ డ్రైవర్ ఉందో లేదో కూడా ముందే వెతుక్కో. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీయలేని కంప్యూటర్ మనకెందుకు?

ఇక అసలు సంగతి, పాత ఫైళ్లు. పేజ్‌మేకర్‌లో చేసిన ఒక శుభలేఖని ఫాంట్లు లేని మెషీన్‌లో తెరిచి చూడు. ముందు పానోస్ ఫాంట్ మ్యాచింగ్ అని ఒక డబ్బా వస్తుంది. దానికి ఓకే కొట్టగానే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, చుక్కలు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీద కూర్చుని ఉంటాయి, ఫాంట్ తీసేస్తే కింద ఉన్నదే బయటపడుతుంది. అంటే నువ్వు ఇన్నేళ్లుగా కంపోజ్ చేసిన మేటరంతా ఒక ఫాంటుకూ, ఒక పాత ప్రోగ్రాముకూ కట్టుబడి ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ కంటే నాకు దీని గురించే బెంగ ఎక్కువ. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. ఆ పాత మెషీన్ మదర్‌బోర్డు పోయిన రోజున ఏం చేస్తావు?

కాబట్టి ఇవాళ్టి నుంచి కొత్త మేటర్, ఫాంట్ మారినా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో కొట్టు. నీ చేతికి అలవాటైన ఆపిల్ కీబోర్డ్ లేఔట్‌తోనే యూనికోడ్ టైప్ చేసే టూల్స్ ఉన్నాయి, వేళ్లకు మళ్లీ ఓనమాలు దిద్దించక్కర్లేదు. పేజ్‌మేకర్ బదులు వాడే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఆప్షన్ పెట్టుకో, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అక్షరాల అందం విషయంలో నీ అసంతృప్తి నాకు తెలుసు. అను ఫాంట్లలో ఉన్నంత వెరైటీ యూనికోడ్‌లో ఇంకా రాలేదు, నిజమే. అయినా రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి, కరపత్రాలకూ పుస్తకాలకూ హాయిగా సరిపోతాయి. శుభలేఖ మీద పేర్లకు ఆ పాత సొగసే కావాలంటే పాత మెషీన్ ఉండనే ఉందిగా. రోజూ అడిగే పాత ఫైళ్లను మాత్రం కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకో. మార్చాక ప్రూఫ్ చదవకుండా ఎవరికీ ఇవ్వకు, ఒత్తులు తారుమారవుతుంటాయి.

నీ స్నేహితుడు విండోస్ బదులు లినక్స్ వెయ్యమన్నాడట. మంచి సలహానే, నేనూ ఇష్టపడతాను. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్‌లో లినక్స్ మింట్ శుభ్రంగా నడుస్తుంది, తెలుగు యూనికోడ్ చక్కగా చూపిస్తుంది, డబ్బు కట్టే పనిలేదు. కానీ నీ షాపుకు ప్రధానంగా అది సరిపోదు. కోరెల్‌డ్రా ఫైళ్లు తెచ్చే కస్టమర్లు, డాంగిల్ (యూఎస్‌బీ లైసెన్స్ కీ)తో నడిచే సాఫ్ట్‌వేర్, బయోమెట్రిక్ డివైజ్ డ్రైవర్లు... ఇవన్నీ విండోస్ చుట్టూ తిరిగేవే. ఇంట్లో పిల్లల చదువుకు వెయ్యి, బాగుంటుంది.

మార్చే రోజు జాగ్రత్తగా ఎంచుకో. ముహూర్తాలు ఉన్న నెలల్లో ఈ పని పెట్టుకోకు. ఆషాఢంలో శుభలేఖల పని ఉండదు, అప్పుడు పెట్టుకో. ముందురోజు మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని షాపులో కాకుండా ఇంట్లో పెట్టు. పాత విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసినట్టయితే, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి పది రోజులు టైమిస్తారు. ఆ పది రోజుల్లో అన్ని రకాల పనులూ ఒకసారి చేసి చూడు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు. ఆ తాళం తీసే రికవరీ కీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టమని మీ అమ్మకివ్వు. స్టార్ట్ బటన్ మధ్యలోకి పోయిందని చిరాకు పడకు, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఎడమకు జరుపుకోవచ్చు.

ముందు ఆ టీపీఎం స్క్రీనూ, ప్రాసెసర్ పేరు కనిపించే స్క్రీనూ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్. చూసి, ఏ మెషీన్ మార్చాలో, ఏది ఉంచాలో ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య