సోయా చెక్కకు బదులుగా బీరు పిప్పి పెట్టవచ్చా?

సోయా చెక్క తగ్గించి, ఆహార పరిశ్రమల్లో మిగిలే పిప్పితో పాడి ఆవులకు మాంసకృత్తులు అందించవచ్చా, పాలు తగ్గవా అని మీరు అడిగారు. పెట్టవచ్చు; నేను కొన్నేళ్లుగా బీరు తయారీలో మిగిలే తడి బార్లీ పిప్పిని మా ఆవులకు పెడుతున్నాను. అయితే మొదటి ఏడాది నాకు వచ్చిన నష్టానికి కారణం పిప్పి కాదు, దాన్ని కూడా సోయా చెక్క లాగే తూకం చూసి కొనడం.

తడి పిప్పిలో 75 నుంచి 80 శాతం వరకు నీరే ఉంటుంది. నీరు పోగా మిగిలిన పొడి పదార్థంలో మాంసకృత్తులు సుమారు 25 శాతం ఉంటాయి కాబట్టి, 100 కిలోల పిప్పి తెచ్చుకుంటే మనకు దక్కేది అయిదారు కిలోలే, అదే 100 కిలోల సోయా చెక్కలో దాదాపు 45 కిలోలు ఉంటాయి. అంటే ఒక కిలో చెక్కకు సాటి రావాలంటే ఎనిమిది కిలోల పిప్పి కావాలి. రవాణా ఖర్చు కూడా కలిపి, కిలో మాంసకృత్తులకు ఎంత పడుతుందో లెక్క కట్టిన తరువాతే బేరం కుదుర్చుకోండి. దూరం నుంచి తెచ్చుకునేవారు నీటికి కిరాయి కడుతున్నట్టే.

రెండో సంగతి నిల్వ. వేసవిలో రెండు మూడు రోజులకే పిప్పి పులిసి బూజు పడుతుంది. పై పొర తీసేస్తే చాలనుకుని ఒకసారి అడుగుది పెట్టాను. ఆవులు మేత ముట్టలేదు, రెండు ఆవులకు విరేచనాలు పట్టుకున్నాయి, పాలు మళ్లీ మామూలు స్థాయికి రావడానికి వారం పైనే పట్టింది. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విష పదార్థం ఉంటే అది మరింత ప్రమాదం, ఎందుకంటే దానిలో కొంత భాగం ఎం1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది, పాలు కాచినా పోదు. ఇప్పుడు పిప్పి వచ్చిన రోజే, నీరు పీల్చుకోవడానికి కొంత తవుడు కలిపి, మూత బిగుతుగా ఉన్న డ్రమ్ముల్లో గాలి లేకుండా తొక్కించి పాతర వేస్తున్నాను.

మోతాదు విషయానికి వస్తే, 400 కిలోల ఆవు రోజుకు 12 కిలోల పొడి పదార్థం తింటుందనుకుంటే, అందులో అయిదో వంతు వరకు, అంటే సుమారు 10 కిలోల తడి పిప్పి వరకు పెడుతున్నాను. ఒక్కసారిగా కాకుండా పది పదిహేను రోజుల్లో పెంచుకుంటూ పోవాలి. సోయా చెక్కను పూర్తిగా మాత్రం మానలేదు: పిప్పిలోని మాంసకృత్తుల్లో పెద్ద భాగం మొదటి పొట్టలో కరగకుండా ముందుకు పోతుంది, ఎక్కువ పాలిచ్చే ఆవుకు అది మేలే గాని, ఆ పొట్టలోని సూక్ష్మజీవులకు కరిగే మాంసకృత్తులూ కావాలి. పైగా బార్లీలోని పిండి పదార్థం చాలావరకు బీరులోకే పోతుంది కనుక మొక్కజొన్న నూక తగ్గించరాదు. పిప్పిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కాబట్టి దాణాలో సున్నపురాయి పొడి కలుపుతాను.

మీ దగ్గర బీరు పిప్పి దొరకకపోతే సోయా పాలు తీసిన పిప్పి దాదాపు అంతే బలమైనది, అంతే త్వరగా చెడుతుంది. డీడీజీఎస్, అంటే ధాన్యం నుంచి ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండబెట్టిన పిప్పి, పొడిగా ఉంటుంది కాబట్టి నిల్వకు సులువు. కానీ నల్లగా మాడినట్టున్నది కొనకండి, అతిగా వేడి తగిలిన మాంసకృత్తులు ఆవుకు సరిగా అరగవు. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది, పెద్ద ఆవులు కొంతవరకు తట్టుకుంటాయి గాని దూడలకు అది పెట్టకూడదు.