నిష్పత్తుల లెక్కల గురించి మేనకోడలికి

అమ్ములూ,

నువ్వు రైల్వేలో సాంకేతికేతర ఉద్యోగాలకి పెట్టే ఎన్‌టీపీసీ పరీక్షకి చదువుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. మొదటి దశలో 90 నిమిషాలకి 100 ప్రశ్నలు, అందులో లెక్కలు 30. తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. నువ్వేమో ప్రశ్న సగం చదివి జవాబు చెప్పే పిల్లవి.

నిష్పత్తుల్లో తేలికవి ఆప్షన్లు చూస్తేనే తేలిపోతాయి. అబ్బాయిలు, అమ్మాయిలు 5:3 అన్నారంటే క్లాసు మొత్తం సంఖ్య 8వ ఎక్కంలో ఉండాలి. 42, 45, 48, 50 ఇస్తే 48 పెట్టేసి ముందుకెళ్లు.

నా భయమంతా మూడు పేర్లు వచ్చే లెక్కతోనే. 700 రూపాయలు ముగ్గురికి పంచాలి. మొదటివాడికీ రెండోవాడికీ 2:3, రెండోవాడికీ మూడోవాడికీ 4:5. మీ నాన్న బ్యాంకు పరీక్షలో ఇలాంటి లెక్కకే 2:3:5 అని రాసొచ్చాడు. అలా చేస్తే మొదటివాడికి 140 వస్తుంది. చక్కగా తెగింది కదా, అందుకే అనుమానం రాలేదు. పైగా ఆ అంకె ఆప్షన్లలోనే ఉంది. పేపరు తయారుచేసేవాళ్లకి మనం ఎక్కడ జారుతామో తెలుసు, ఆ జవాబు కావాలనే పెడతారు. ఇంటికొచ్చి లెక్క మళ్లీ చేసుకుని, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు మీ నాన్న. మా అమ్మ కంచం ముందు పెట్టుకుని ఎంతసేపు బతిమాలిందో.

రెండోవాడు ఒకచోట 3, ఇంకోచోట 4. మనిషి ఒక్కడే కాబట్టి ముందు అతని భాగం రెండు చోట్లా ఒకటి కావాలి. 3, 4ల క.సా.గు. 12. 2:3ని 4తో, 4:5ని 3తో హెచ్చిస్తే 8:12, 12:15. అప్పుడు 8:12:15, మొత్తం 35 భాగాలు, భాగానికి 20. మొదటివాడికి 160. ఎంత తొందరలో ఉన్నా మధ్యవాడిని కలిపాకే మిగతా పని. ఈ ఒక్కటీ నా మాట విను తల్లీ.

వయసుల లెక్కలకి x వేసుకుని కూర్చోకు. ఇద్దరి మధ్య తేడా ఎన్నేళ్లయినా మారదు. ఇప్పుడు 5:3, ఆరేళ్ల తర్వాత 3:2 అన్నారనుకో. తేడా మొదట 2, తర్వాత 1. రెండోదాన్ని 6:4 చేస్తే తేడా కలిసింది. 5 కాస్తా 6 అయింది, అంటే ఒక భాగం ఆరేళ్లు. వయసులు 30, 18. బడిలో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లల మొహాలు వెలిగేవి, నాకు ఇప్పటికీ ఇష్టమైన లెక్క ఇదే.

రాత్రి రెండింటిదాకా మేలుకుని చదువుతున్నావట. వద్దమ్మా. నిద్ర చాలకపోతే 8:12:15 కూడా తప్పుగా కూడతావు.

ఒక లెక్క ఇస్తున్నాను. సమానమైన రెండు బిందెల నిండా పాలు, నీళ్ల మిశ్రమం ఉంది. ఒకదాంట్లో పాలు, నీళ్లు 3:1, ఇంకోదాంట్లో 5:3. రెండూ ఒకే గంగాళంలో పోస్తే నిష్పత్తి ఎంత? ఆదివారం ఫోన్ చేసి చెప్పు. 8:4 అన్నావంటే మొదటినుంచీ మళ్లీ చేయిస్తాను.

మీ అత్త