నాలుగు పోర్టుల పెట్టె గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నాలుగు పోర్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ (యూఎస్‌బీకి తగిలిస్తే నాలుగు సీరియల్ పోర్టులిచ్చే పెట్టె) మొరాయిస్తే ఏం చేయాలో తెలుగులో రాయాలనుకోవడమే నాకు సంతోషం. రౌటర్ కన్సోల్, యూపీఎస్, తూకం మిషన్, పాత పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్), వీటిలో చాలావాటికి ఇవాళ్టికీ సీరియల్ తీగే దిక్కు. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు లేదు. అందుకే ఈ పెట్టెలు ఇంకా అమ్ముడవుతున్నాయి, ఇంకా జనాన్ని ఏడిపిస్తున్నాయి.

ముందుగా, యూఎస్‌బీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పిన మొదటి రెండు పేజీలూ తీసేయ్. చదివేవాడు పెట్టె తగిలించి, ఏమీ కదలక, తల పట్టుకుని నీ దగ్గరికి వచ్చినవాడు. అతని తెర మీద ఏం కనబడుతోందో అక్కడ మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. "డ్రైవర్‌లో బగ్ వల్ల మూడో పోర్టు వేలాడుతోంది" అని రాశావు. ఈ ఒక్క వాక్యంలో నువ్వు చూసిందీ నువ్వు అనుకున్నదీ కలిసిపోయాయి. చూసింది ఇంతే: టీటీవైయూ2ని, అంటే సున్నా నుంచి లెక్కపెడితే మూడో పోర్టును, తెరవబోతే ఆ ప్రోగ్రామ్ తిరిగి రాలేదు. బగ్ అన్నది నీ ఊహ. నువ్వే పెట్టిన ఫొటో చూడు. మిగతా మూడు పోర్టులకూ పూర్తి తీగలున్న కేబుళ్లు ఉన్నాయి. మూడోదానికి మాత్రం మూడే తీగలు: పంపేది, అందుకునేది, గ్రౌండ్. ఫ్రీబీఎస్‌డీలో ప్రతి సీరియల్ పోర్టుకూ రెండు పేర్లుంటాయి. టీటీవైయూ అన్నది బయటినుంచి వచ్చే కాల్ కోసం కాచుకునే పేరు. అవతలి పరికరం క్యారియర్ సిగ్నల్ ఇచ్చేదాకా, అంటే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 1వ పిన్ను పైకి లేచేదాకా, అది తెరుచుకోదు. మూడు తీగల కేబుల్‌లో ఆ సిగ్నల్ వచ్చే దారే లేదు. సీయూఏయూ2 అన్న రెండో పేరుతో తెరిస్తే క్యారియర్ కోసం ఆగదు. కాబట్టి అక్కడ డ్రైవర్ తన పని తాను సరిగ్గానే చేసింది. నీ వాక్యం అలాగే అచ్చయితే చదివినవాడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మార్చుకుంటూ కూర్చుంటాడు, కేబుల్ వైపు చూడనే చూడడు.

అందుకే చెబుతున్నాను. ముందు యంత్రం ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయి. దానినుంచి నీకేం తోచిందో తర్వాతి వాక్యంలో రాయి. రెంటినీ విడదీస్తే, నీ ఊహ తప్పినా చదివేవాడికి నువ్వు చూసింది మిగులుతుంది. దాన్ని పట్టుకుని అతను ముందుకు పోగలడు.

"ఫలానా కంపెనీ అడాప్టర్ పనికిరాదు" అన్నదీ ఇలాంటిదే. డబ్బా మీద పేరు చూస్తే ఏమీ తెలియదు, లోపలి చిప్పు చూడాలి. యూఎస్‌బీకాన్ఫిగ్ ఆదేశంతో డివైస్ డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి చెప్పుకునే వివరాలు) తీసి వెండర్, ప్రోడక్ట్ నంబర్లు రాయి. 0403, 6011 కనబడితే అది ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ4232హెచ్. 9710, 7840 అయితే మాస్‌చిప్ వారి ఎంసీఎస్7840. మాస్‌చిప్ మన హైదరాబాద్ కంపెనీయే. ఆ చిప్పులను తర్వాత తైవాన్‌కు చెందిన ఏసిక్స్ తీసుకుంది. ఈ ముక్క వ్యాసంలో పెట్టు. తెలుగు పాఠకుడికి తెలియాల్సిన సంగతే.

ఈ రెండు చిప్పుల తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు, అదే పెద్ద లోటు. ఎఫ్‌టీ4232హెచ్ నాలుగు ఇంటర్‌ఫేస్‌లున్న ఒకే పరికరంగా కెర్నల్‌కు కనబడుతుంది. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కూ ఒక్కో యూఎఫ్‌టీడీఐ డ్రైవర్ తగులుకుంటుంది కాబట్టి సీయూఏయూ0 నుంచి సీయూఏయూ3 వరకు విడివిడి పేర్లొస్తాయి. ఎంసీఎస్7840కి ఒకే యూఎంసీఎస్ డ్రైవర్ తగులుకుని, దాని కింద నాలుగు పోర్టులు పెడుతుంది. అప్పుడు పేర్లు సీయూఏయూ0.0, సీయూఏయూ0.1, ఇలా చుక్కతో వస్తాయి. నువ్వు ఒక రకమే చూపించావు. రెండో రకం పెట్టె ఉన్నవాడు సీయూఏయూ1 కోసం వెతికి, అది లేకపోయేసరికి మూడు పోర్టులు చచ్చిపోయాయనుకుంటాడు.

రీబూట్ చేశాక పోర్టులు తారుమారవుతున్నాయన్న భాగం బాగా రాశావు, కానీ మధ్యలో ఆపేశావు. ఆ అంకెలు తగులుకున్న వరుసను బట్టి వస్తాయి. ఒకేలాంటి పెట్టెలు రెండుంటే ఏది ముందు లేస్తే దానికి సున్నా. యూపీఎస్‌కి పోవాల్సిన ఆదేశం రౌటర్ కన్సోల్‌కి పోతే ఏమవుతుందో ఒక్క వాక్యంలో చెప్పు, చదివేవాడు నిటారుగా కూర్చుంటాడు. తర్వాత దారి చూపించు. సిస్‌సీటీఎల్ ఆదేశం చూపించే వివరాల్లో ఒక్కో యూఎఫ్‌టీడీఐ కింద టీటీవై పేరు, సీరియల్ నంబర్, ఏ హబ్బులో ఏ పోర్టు, ఎన్నో ఇంటర్‌ఫేస్ అన్నీ ఉంటాయి. వాటిని పట్టుకుని డెవ్‌డీ (పరికరం తగిలినప్పుడు చెప్పిన పని చేసే ప్రోగ్రామ్) నియమంతో మారని పేరుకు లింకు పెట్టుకోవచ్చు. ఒక హెచ్చరిక తప్పకుండా చేర్చు: సీరియల్ నంబర్ ఒక్కటే చాలదు. నాలుగు పోర్టులకూ అదే నంబర్ ఉంటుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ అంకె కూడా కలపాలి. పైగా ఎఫ్‌టీ4232హెచ్‌కి ఈప్రామ్ (అమరికలు దాచే చిన్న మెమరీ చిప్పు) బయట పెట్టాలి. చౌక పెట్టెలో అది లేకపోతే సీరియల్ నంబరే ఉండదు, అప్పుడు హబ్బు పోర్టును నమ్ముకోవాల్సిందే.

లినక్స్ వ్యాసాలు చదివి తెచ్చిన వాక్యాలు మూడు నాలుగు చోట్ల కనిపించాయి. పోర్టు తెరిచే అనుమతి కోసం డయలవుట్ గ్రూపులో చేరమన్నావు. ఫ్రీబీఎస్‌డీలో అది డయలర్. ఎస్‌టీటీవై ఆదేశంతో పోర్టు వేగం పెట్టి తర్వాత క్యాట్ ఆదేశంతో చదవమన్నావు. ఇక్కడ అది నిలవదు. పోర్టు మూసుకోగానే అమరికలు మొదటికొస్తాయి, క్యాట్ తెరిచేసరికి పాత వేగమే ఉంటుంది. నిలవాలంటే సీయూఏయూ0 పేరు చివర చుక్క పెట్టి ఇనిట్ అని ఉండే పరికరం మీద వేగం పెట్టాలి. నీ యంత్రం మీద కొట్టి చూడని ఆదేశం ఒక్కటి కూడా వ్యాసంలో ఉండకూడదు. ఎదుటివాడు నీ మాట నమ్మి పనిలో ఉన్న సర్వర్ మీద దాన్ని కొడతాడు.

లూప్‌బ్యాక్ పరీక్షకు (పంపింది అదే పోర్టుకు తిరిగొస్తుందో లేదో చూసే పరీక్షకు) నువ్వు రెండు లైన్లే ఇచ్చావు. నన్నడిగితే వ్యాసానికి నడుం అదే. కేబుల్ తీసేసి, 2, 3 పిన్నులు చిన్న తీగతో కలిపి, సీయూ అనే ప్రోగ్రామ్‌తో తెరిచి ఏదైనా టైప్ చేస్తే ఆ అక్షరాలు తిరిగి కనబడాలి. అక్కడితో ఆగకు. తీగ లాగేసి మళ్లీ టైప్ చేయమను. అక్షరాలు ఆగిపోవాలి. ఆగకపోతే అవి పోర్టునుంచి రావడం లేదు, ప్రోగ్రామే తెర మీద వేస్తోంది. ఇంకొకటి, ఈ పరీక్ష ఏది రుజువు చేయదో కూడా రాయి. పంపేదీ అందుకునేదీ ఒకే చిప్పు, ఒకే గడియారం. అందుకే వేగం 9600 ఉండాల్సిన చోట 115200 పెట్టినా ఇది నెగ్గుతుంది. లూప్‌బ్యాక్ బాగుండి, అసలు పరికరంతో పిచ్చి అక్షరాలు వస్తే ముందు వేగం చూడమను. ఏమీ రాకపోతే 2, 3 తీగలు అడ్డంగా మారాల్సిన కేబులేమో చూడమను.

వోల్టేజీ సంగతి నువ్వు అసలు ఎత్తలేదు. ఆర్ఎస్-232 పోర్టు, అంటే ఈ పెట్టెల మీది సీరియల్ పోర్టు, ఖాళీగా ఉన్నప్పుడు 3వ పిన్నుకూ 5వ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెడితే మైనస్ వోల్టులు చూపిస్తుంది. టీటీఎల్ బోర్డులో (చిప్పు వోల్టేజీతోనే సీరియల్ మాట్లాడే చిన్న బోర్డులో) పంపే పిన్ను దగ్గర ప్లస్ 3.3 గానీ 5 గానీ ఉంటుంది. ఈ రెంటినీ నేరుగా కలిపితే బోర్డు కాలిపోవచ్చు. దీన్ని వ్యాసం చివర పడేయకు, తీగలు కలపమని చెప్పే మొదటి చోటే పెట్టు.

ఏ వెర్షన్ ఫ్రీబీఎస్‌డీ మీద చూశావో పైన ఒక లైను ఉండాలి. లినక్స్ మీద చూడకపోతే లినక్స్ గురించి రాయకు.

నీ భాష గురించి నాకు ఏ బెంగా లేదు. తేటగా, మాట్లాడినట్టే రాస్తున్నావు. దాన్ని వదులుకోకు.

ఇప్పుడు ఒక పని చెయ్. ఒకేలాంటి పెట్టెలు రెండు తగిలించి, ఒకటి తీసి వేరే పోర్టులో గుచ్చి, ప్రతిసారీ డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) వచ్చిన లైన్లు పొల్లుపోకుండా పక్కన పెట్టుకో. మూడో పోర్టును రెండు పేర్లతోనూ తెరిచి చూసి ఆ ఫలితమూ రాసుకో. తిరగరాసిన ప్రతితో పాటు ఆ లైన్లు కూడా పంపు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న