తలసీమియా ‘మైనర్’ రేపు ‘మేజర్’ అవుతుందా?

సందేహం: పెళ్లికి ముందు మా తమ్ముడి కూతురికి రక్తపరీక్ష చేయిస్తే ‘బీటా తలసీమియా మైనర్’ అని వచ్చింది. ‘ఇప్పుడు మైనరైతే రేపు మేజర్ అవదా?’ అని మా అత్తగారి బెంగ. తెలుగు కరపత్రంలో ‘తలసీమియా లక్షణం’ అని ఉంది. పిల్లకి ఏ లక్షణమూ లేదే! సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: అవదమ్మా. ముందు ఆ మాట అత్తగారికి చెప్పండి. మన వాడుకలో మైనరంటే పద్దెనిమిదేళ్లు నిండనివారు కాబట్టి ఆవిడకి ఆ అనుమానం రావడం సహజమే. తలసీమియా అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపం. ఇక్కడ వయసుతో పని లేదు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేయించే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. మీ పిల్లకి ఒకదానిలోనే లోపం ఉంది, రెండోది పనిచేస్తోంది. రెండింటిలోనూ లోపముంటేనే మేజర్, అంటే తీవ్రమైన జబ్బు. కడుపులో పడ్డనాడే తేలిపోయే లెక్క ఇది.

ఇక ‘లక్షణం’. ఇంగ్లీషువారి ‘ట్రెయిట్’కి ఈ మాట పెట్టారు. లక్షణమంటే గుర్తు, స్వభావం. మా వ్యాకరణంలో లక్షణమంటే సూత్రం, లక్ష్యమంటే దానికి ఉదాహరణ. ‘లక్షణమైన పిల్ల’ అని మన చెన్నైలో తెలుగువాళ్లూ తమిళులూ మెచ్చుకోలుగా అంటారు. కాబట్టి నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ ఆసుపత్రి గడప తొక్కాక లక్షణమంటే జ్వరం, దగ్గు, నీరసం. ఒంట్లో బాగున్న పిల్ల చేతిలో ‘లక్షణం ఉంది’ అన్న కాగితం పెడితే రోగం మొదలైందనే అనుకుంటుంది. ఈ చోట ఆ మాట వద్దు.

‘వాహకురాలు’ అన్నా చిక్కే. దోమలు మలేరియా వాహకాలని చదువుకున్నాం కనుక పక్కవారికి అంటుతుందేమోనన్న అపోహ కలుగుతుంది. ‘జన్యువాహకురాలు’ అంటే కొంత నయం. ‘తలసీమియాగ్రస్తురాలు’ మాత్రం ఒప్పుకోను. గ్రస్తమంటే మింగబడినది. పంచాంగంలో ‘రాహుగ్రస్త’ అని చూసే ఉంటారు. ఈ పిల్లని ఏ రోగమూ మింగలేదు. ఇంట్లో ‘ఒక జన్యువులో మార్పుంది’ అనండి, చాలు.

పెళ్లికొడుక్కీ పరీక్ష చేయించండి, మేనరికమైతే మరీను. ఇద్దరూ బీటా మైనరే అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. దీన్ని ‘నలుగురు పిల్లల్లో ఒకరికి’ అని రాస్తున్నారు. అలా రాస్తే, మొదటి బిడ్డకి వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని ధైర్యపడే తల్లిదండ్రులుంటారు. రాసేవారు ‘ప్రతి కాన్పులోనూ’ అన్న మాట వదలకూడదు.