‘యెట్ టు’లోనే ‘లేదు’ ఉంది

ఫైల్ ఇంకా అందలేదని చెప్పడానికి మీరు మేనేజర్‌కి పంపిన ‘ఐ హ్యావ్ నాట్ యెట్ టు రిసీవ్డ్ ద ఫైల్’ అనే వాక్యంలో తప్పెక్కడో అడిగారు కదండీ. రెండు వాక్యాలు కలిసిపోయాయి, అంతే. ‘ఐ హ్యావంట్ రిసీవ్డ్ ద ఫైల్ యెట్’ అనండి, లేదా ‘ఐ యామ్ యెట్ టు రిసీవ్ ద ఫైల్’ అనండి. రెండోదాంట్లో ‘నాట్’ అక్కర్లేదు, ‘లేదు’ అనే అర్థం ‘యెట్ టు’లోనే ఉంది. ‘టు’ తర్వాత ‘రిసీవ్’ మాత్రమే, ‘రిసీవ్డ్’ రాదు. మాటల్లో మొదటిదే సహజం, రెండోది కాస్త ఆఫీసు భాష.

‘స్టిల్’తో మాత్రం జాగ్రత్త. ‘ఐ స్టిల్ హ్యావంట్ రిసీవ్డ్ ఇట్’ అంటే ‘ఇంకా రాలేదేంటి?’ అని విసుక్కున్నట్టుంటుంది. తెలుగులో ‘యెట్’కీ ‘స్టిల్’కీ ‘ఇంకా’ ఒకటే కాబట్టి మనకు ఈ తేడా చప్పున తట్టదు. నేనూ ఒకసారి అలాగే రాసి క్లయింట్‌కి సారీ చెప్పుకున్నాను.

ఇలా ‘టు’తో వచ్చేదే ఇంకోటి, ‘అబౌట్ టు’. అది మన ‘వెళ్లబోతున్నా’లోని ‘బోతున్నా’ లాంటిదే, కానీ ఆ క్షణానికే. చెప్పులేసుకుని గుమ్మంలో ఉంటే ‘ఐ యామ్ అబౌట్ టు లీవ్’. రేపటి ప్రయాణానికైతే ‘గోయింగ్ టు’ వాడండి.